మా తాత బార

మొన్న శుక్రవారం గాజువాక మార్కెట్లో మా మనవరాలు నా పరువు తీసింది.

పూలబుట్ట దగ్గర ఆగాం. పూలామె మల్లెదండ కొసని మోచేతికి ఆనించి, నడిమివేలి చివరిదాకా లాగి, "ఇదిగో ఒకటీ, ఇదిగో రెండూ" అంటూ మూరలు కొలుస్తోంది. మా పిల్ల ఊరుకోవచ్చు కదా! హ్యాండ్‌బ్యాగులోంచి ఇనుప టేపు తీసి, సర్రున లాగి, ఆమె మోచేతి పక్కన పెట్టేసింది.

"ఆంటీ, మీ మూర పొట్టిగా ఉంది. ఇంత తక్కువ ఉండకూడదు, ఇంకా ఎక్కువ ఉండాలి."

పూలామె టేపు వంక చూసింది, పిల్ల వంక చూసింది, చివరికి నా వంక చూసింది, ఇలాంటిదాన్ని ఎలా పెంచావన్నట్టు.

"ఓలమ్మ! దేవుడు నాకు ఈ సెయ్యే ఇచ్చినాడు, నానేటి సేత్తాను? పొడుగు సెయ్యి కావాలంటే ఆ మూలనున్న అప్ప కాడికెల్లు. దాని సెయ్యి పొడుగే. గానీ దండ ఎడం ఎడంగా కడతాది. మరి నీ టేపుతో అది కూడా కొలుసుకో!"

చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. నేను రెండు మూరలు తీసుకుని, దాని రెక్క పట్టుకుని ఆటో ఎక్కించాను.

మా పిల్ల ఉద్యోగం వింతైనది. ఉక్కు ఫ్యాక్టరీలో కొలిచే సామాను సరిగ్గా కొలుస్తోందో లేదో చూడడం దాని పని. అంటే కొలిచేదాన్ని కొలవడం. దానికి నెలనెలా జీతం కూడా ఇస్తారు! ఉక్కునగరం క్వార్టరుకి వచ్చేదాకా ఉపన్యాసం ఆపలేదు. ఆటోనగర్లో ఒకడు బోల్టు చేస్తే, ఎక్కడో జర్మనీలో ఇంకొకడు నట్టు చేస్తే, రెండూ ఒకదానికొకటి పట్టాలంటే ఇద్దరి మిల్లీమీటరూ ఒకటే అయి ఉండాలట. ఇప్పుడు మీటరుని కడ్డీతో కాదు, వెలుతురుతో నిర్ణయిస్తారట. వెలుతురుకి ఎక్కడైనా ఒకటే నడకట.

"నీకెందుకు నానమ్మా, ఆ మూరలూ బారలూ అంటే అంత ప్రేమ? ఒకరి చెయ్యి ఒకలా ఉంటుంది. లెక్క కుదరదు కదా."

"ప్రేమా నా మొహమా! కొలత కుదరకపోతే ఊడేవి నీ బోల్టులే అనుకోకు, మనుషులు కూడా ఊడిపోతారు. మా ఇంట్లో ఊడబోయారు" అన్నాను.

అంతే, ఇంక వదల్లేదు. చెప్పు చెప్పు అని కూర్చుంది. పూలు చెంబులో నీళ్ళు చల్లి పెట్టి, దానికి చెప్పిందే ఇక్కడ మళ్ళీ చెబుతున్నాను.

మాది సముద్రం ఒడ్డున చేపలవాళ్ళ పల్లె. ఇప్పుడు వెళ్ళి చూద్దామన్నా లేదు. ఆ చోట పెద్ద గోడ ఉంది, గోడ వెనక కంటైనర్లు ఒకదాని మీదొకటి పేర్చి ఉంటాయి. అప్పుడు మాత్రం ఇసక మీద తాటాకు ఇళ్ళు, ఇళ్ళ ముందు ఎండేసిన నెత్తళ్ళ చేపలు, వాటికి కాపలాగా పిల్లలం. ఆ వాసన పైవాళ్ళకి కంపు. నాకు మాత్రం ఈ రోజుకీ ఎక్కడైనా ఎండు నెత్తళ్ళు వేయిస్తున్నారంటే కాళ్ళు అటే లాగుతాయి. పొద్దున్నే చోడి అంబలి (మా వైపు రాగుల్ని చోళ్ళంటారు), అందులోకి నిప్పుల మీద కాల్చిన ఎండు చేప, పచ్చి ఉల్లిపాయ. ఆ తిండి తిన్న నోటికి ఈ ఓట్సు ఏం రుచిస్తాయి చెప్పండి?

ఆ ఇంట్లో కొలత అన్నది ఒంటి మీదే ఉండేది. ఉప్పు చిటికెడు, చోళ్ళు దోసెడు, చింతపండు మామ్మ పిడికిట్లో పట్టినంత. మామ్మ అంటే మా నాన్న తల్లి, పొట్టి మనిషి. అమ్మ పులుసు పెట్టిన రోజున ఉప్పు ఎక్కువయ్యేది, ఎందుకంటే అమ్మ వేళ్ళు లావు. "నా సిటికెడు ఏసినావేటే, నీ సిటికెడా?" అని మామ్మ రోజూ అడిగేది. అమ్మ రోజూ మూతి ముడుచుకునేది. అది మా ఇంట్లో మామూలే, ఎవరూ పట్టించుకునేవారు కారు.

అప్పుడప్పుడే బజార్లోకి కిలో వచ్చింది. అంతవరకు వీశ, శేరు. చేపలు అమ్మే ఆడవాళ్ళకీ కొనేవాళ్ళకీ రోజూ జగడమే. కిలో అంటే వీశ కన్నా తక్కువ కదా, ధర అదే చెబుతావేంటని వాళ్ళు, ముద్రేసిన తూకం రాయి ఇదేనని వీళ్ళు. మామ్మ బుట్ట తిరిగి తెచ్చి, ఆ కిలో కనిపెట్టినవాడి వంశాన్నంతా తిట్టి, చల్లబడ్డాక ఒక్క మాట అనేది: "ఏటోలే, ఇక మీద ప్రతీ కొట్టోడూ తనకో రాయి ఎట్టుకోనేడు. అది మంచిదే."

మా బడిలో మాస్టారు ఒక చెక్క మీటరు బద్ద తెచ్చారు. మంచాయన. కొట్టడానికి కాదర్రా అని ముందే చెప్పారు. పెద్దవాళ్ళు భూమినే కొలిచి, అందులోంచి ఒక ముక్క తీసి మీటరు అన్నారనీ, ఆ పొడవున ఒక కడ్డీ చేసి ఫ్రాన్సు దేశంలో భద్రంగా దాచారనీ, లోకంలో ఉన్న మీటర్లన్నీ దాని పిల్లలేననీ చెప్పారు. సెలవిచ్చాక ఆ బద్ద అడిగి తీసుకుని బడి గుమ్మం, మాస్టారి గొడుగు, ఎదురింటి మేక, దొరికినవన్నీ కొలిచాను. మేక తోక కొలవబోతే తన్నింది.

ఇంటికి పరుగెత్తి తాతకి చెప్పాను.

తాత తాడిచెట్టంత మనిషి. కూర్చున్నా మామ్మ నిల్చున్నంత ఉండేవాడు. ఆ ఏడాది వానాకాలంలో ఒడ్డు కెరటాల్లో తెప్ప బోల్తాపడి, దుంగ వచ్చి కుడిభుజం మీద పడింది. ఎముక ఎలాగో అతుక్కుంది గానీ చెయ్యి రొమ్ము ఎత్తుకి మించి లేవలేదు. ఒక చెయ్యే పనిచేసేవాడు కెరటాల్లో తెప్ప మీద నిలవలేడు. అందుకని ఒడ్డున కూర్చుని ఎడం చేత్తోనూ కాలి బొటనవేలితోనూ వలలు బాగుచేసేవాడు. నోట్లో ఎప్పుడూ అడ్డపొగ, చుట్ట నిప్పుని లోపలికి పెట్టుకుని కాల్చడం. అలా కాలుస్తూ మాట్లాడేవాడు కూడా!

"తాతా, లోకం మొత్తానికీ ఒక్కటే మీటరంట!"

"అలాగేటి? ఎవులి సెయ్యి అది?"

"ఎవులి సెయ్యీ కాదు. ఇనప కడ్డీ."

తాత నోట్లోంచి చుట్ట తీశాడు. "ఎవులి సెయ్యీ కాకపోతే దాన్ని ఎలాగ నమ్ముతారే?"

మర్నాడు మాస్టారిని అడుగుదామనుకుని మర్చిపోయాను. ఆ ప్రశ్న మా ఇంటి మీదికే వస్తుందని నాకేం తెలుసు?

దూరంగా సముద్రంలో, నీళ్ళ అడుగున, ఒక రాతిగుట్ట ఉండేది. మంచుకాలంలో ఎర్రటి పెద్ద చేపలు ఆ రాయి చుట్టూ చేరేవి. గాలం వేస్తే చాలు. అది తాతకి తెలిసిన చోటు. ఎండ కాసే రోజుల్లో దాన్ని పట్టుకోవడం సులువే, ముందున్న యారాడ కొండ ముక్కునీ, వెనకాల దూరంగా కనిపించే సింహాచలం కొండల్నీ చూసుకుని, ఆ రెండింటి నుంచీ కంటితో గీసుకున్న గీతలు కలిసిన చోట ఆగాలి. కానీ చేపలు చేరే కాలంలోనే మంచు పడుతుంది. వెనక కొండలు కనబడవు. ముందు కొండ ఒక్కటే మసగ్గా ఉంటుంది. దాన్ని సూటిగా వీపుకి పెట్టుకుని లోపలికి పోతూ, ఎక్కడ ఆగాలన్నది పోయేకొద్దీ పెరిగే లోతుని బట్టి తెలుసుకోవాలి.

లోతు కొలవడానికి తాడు, తాడు కొసన సీసపు గుండు. గుండు అడుగున తగిలాక, తాడుని రెండు చేతులూ బార్లా చాచి కొలుస్తూ పైకి లాగాలి. చాచినంత మేరా ఒక బార. గుండు అడుగున మైనం రాసి ఉంటుంది, దానికి అడుగునున్నది అంటుకుని వస్తుంది. తాత దాన్ని వాసన చూసేవాడు. బురద వాసన ఒకటి, ఇసక వాసన ఒకటి. రాయైతే ఏమీ అంటుకోదు, మైనం గీసుకుపోయి ఉంటుంది.

తాత తాడు లాగేటప్పుడు తెప్ప మీద ఎవరూ మాట్లాడకూడదు, ఎన్ని బారలని అడగకూడదు. ఆ అంకె తండ్రి కొడుక్కి ఒక్కసారే చెప్పాలి. సముద్రం వైపు తిరిగి, చెవిలో చెప్పి, తాడు చేతికివ్వాలి. మా నాన్న చిన్నప్పట్నుంచీ తాతతో ఆ చోటికి వెళ్ళినవాడే, కానీ తెడ్డు దగ్గరే ఉండేవాడు. తాడు ఎప్పుడూ తాత చేతిలోనే.

చెయ్యి ఇంక లేవదని తెలిశాక, మంచు మొదలవుతుండగా, తాత నాన్నని ఒడ్డుకి పిలిచి అంకె చెప్పాడు, తాడిచ్చాడు. ఎలా తెలుసంటారా? ఆ పక్కనే వలల కుప్పలో దూరి ఉన్నాను. ఆ వలలకి, దారం గట్టిపడాలని పట్టించిన చింతగింజల రసం వాసన, ఉప్పు వాసన కలిసి ఉండేవి, అందులో నిద్రపోవడం నాకు అలవాటు. తాత గుసగుస అలల చప్పుడులో నాకూ వినపడింది. ఆ అంకె నేను ఎవరికీ చెప్పలేదు. మా మనవరాలికీ చెప్పలేదు, మీకూ చెప్పను.

మర్నాడు నాన్న ఇద్దరు మనుషుల్ని తీసుకుని వెళ్ళాడు. మధ్యాహ్నానికి ఖాళీ తెప్పతో వచ్చాడు.

"అయ్యా, ఆడ రాయి నేదు. నువ్వు సెప్పిన లోతుకి గుండెత్తే బురదే వొచ్చినాది."

"సరిగ్గా లెక్కెట్టినావేటి?"

"నాకు లెక్కలు రావేటి?"

ఇంకో రోజు వెళ్ళాడు, మళ్ళీ బురదే. ఆ మర్నాడు కూడా అంతే. తోడు వెళ్ళినవాళ్ళు, కూలి దొరకని చోటికి ఎందుకు బావా అని మానేశారు. ఇంతలో మా మేనత్త మొగుడు, అవతలి పల్లెలో ఉంటాడు, తెప్ప నిండా ఎర్రచేపలు తెచ్చాడని బజార్లో మామ్మకి ఎవరో చెప్పారు. మామ్మ సంబరపడుతూ ఇంటికొచ్చి చెప్పింది. నాన్న ముఖం మాడిపోయింది.

"ఇంకేటి, అల్లుడికి ఒక లెక్క, కొడుక్కి ఒక లెక్క!"

తాత చేతిలో వల పక్కన పెట్టాడు. లేచి, సముద్రం వైపు వెళ్ళి కూర్చున్నాడు.

"ఆడు ఏరే రాయి కాడికెల్లుంటాడురా, మీ అయ్యని అలాగంటావేటి?" అని మామ్మ మొత్తుకుంది. నాన్న వినలేదు. మా నాన్నది చెడ్డ మనసు కాదు, మొండి మనసు. చిన్నప్పట్నుంచీ తాతంత వాణ్ణి కాలేనేమో అన్న బెంగ ఆయనకి లోపల ఉండేదని ఇప్పుడనిపిస్తుంది. ఆ బెంగే ఆ మాట అనిపించింది.

ఆ రోజు నుంచి ఇంట్లో రెండు పొయ్యిలు. నాన్న తాతతో మాట మానేశాడు. ఒకరు అరుగు మీద ఉంటే ఇంకొకరు పెరట్లో. సంద్రం నాకొద్దు, మల్కాపురం పోతాను, అక్కడ నూనె ఫ్యాక్టరీ కట్టే పనిలో మనుషులు కావాలంట అన్నాడు నాన్న. అన్నట్టే వెళ్ళి, ఒక గది చూసి కూడా వచ్చాడు. అమ్మ ఇత్తడి బిందెలో గరిటెలు సర్దడం మొదలెట్టింది.

నాకు ఏడుపొచ్చింది. తాత పక్కన పడుకోకుండా నాకు నిద్ర పట్టేది కాదు. ఆ అడ్డపొగ వాసన లేని ఇల్లు ఎలా ఉంటుందో నాకు ఊహకి కూడా రాలేదు. కానీ ఏడుపు కన్నా ఎక్కువ నన్ను తొలిచేసింది ఇంకొకటి ఉంది. తాత చెప్పిన అంకె నేను విన్నాను. నాన్న ఆ అంకెకే గుండు వేశానంటున్నాడు, అదే అంకె పైకి కూడా గొణుక్కోవడం విన్నాను. తాత అబద్ధం చెప్పలేదు, నాన్న తప్పు లెక్కపెట్టలేదు. మరి రాయి ఏమైంది?

"రాళ్ళు నడుత్తాయా తాతా?" అని అడిగాను.

"నడవవు."

"మరి సంద్రం లోతు పెరిగిపోద్దా?"

"ఆటుపోటుకి కాస్త పెరుగుద్ది, తగ్గుద్ది. అంతేగానీ రాయి తప్పిపోయేటంత తేడా రాదు."

"మరి నాన్నకి ఎందుకు దొరకనేదు?"

"నా కొడుకే నాను అబద్దం సెప్పినానంటే ఇంకేటి సెప్పమంటావే!" అని ముఖం తిప్పుకున్నాడు. తాత కళ్ళు తడవడం నేను అదే మొదటిసారి చూడడం. దుంగ మీద పడిన రోజున కూడా తడవలేదు.

మల్కాపురం వెళ్ళడానికి ముందు శుక్రవారం వచ్చింది. కొత్త గదిలో దీపం పెట్టడానికి పూలు తెమ్మని అమ్మ పంపింది. "పొట్టామె కాడ తేకు, పొడుగామె కాడ తే" అని మరీ మరీ చెప్పింది. అది పల్లెలో ఆడవాళ్ళందరికీ తెలిసిన సంగతే. ఇద్దరు పూలవాళ్ళు, ఒకామె చెయ్యి పొట్టి, ఇంకొకామెది పొడుగు. పొడుగామె దగ్గర జనం ఉన్నారు. నాకు ఓపిక లేక పొట్టామె దగ్గరే కొనేశాను. ఆమె నాకు ఒక గులాబీ కూడా ఊరికే ఇచ్చింది, అదీ అసలు కారణం.

అరుగు మీద అమ్మ దండ విప్పి చూసి నెత్తి మీద మొట్టింది. "రెండు మూరలేటే ఇది? మూరన్నర నేదు!"

"రెండే కొలిసినాది. నా కళ్ళతో సూసినాను. దాని సెయ్యి పొట్టి, నానేటి సెయ్యను?"

అనేసి, నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాను. నాన్న అరుగు చివర మంచం నులక విప్పుతున్నాడు. తాత రెండో చివర గోడకి ఆనుకుని ఉన్నాడు. నేను నాన్న చేతులు చూశాను. తాత చేతులు చూశాను. కుడిచెయ్యి ఒళ్ళో ముడుచుకుని ఉంది, ఎడమది చాపుకుని ఉంది. అది ఎంత పొడుగు చెయ్యి!

"తాతా, నీ బారా నాన్న బారా ఒకటేనా?"

నాన్న కసురుకున్నాడు. "బారంటే బారే. మొగోడి బార ఎక్కడైనా ఒకటే. ఎల్లి ఆడుకో."

ఇప్పుడు నవ్వొస్తుంది కానీ, ఆ పల్లెలో మగవాళ్ళందరికీ అదే నమ్మకం. పూల మూర మనిషి మనిషికీ మారుతుందని వాళ్ళే రోజూ హాస్యాలాడేవారు. సముద్రం మీద బార మాత్రం మారదు! ఎప్పుడూ మారి చూడలేదు మరి. ఏ ఇంటి తాడు ఆ ఇంటి పెద్ద చేతిలోనే ఉండేది, అంకె గుట్టుగా ఉండేది. పక్కవాడి బారతో పోల్చి చూసే అవసరం ఎవరికీ రాలేదు.

తాత ఏదో గుర్తొచ్చినట్టు రెండు చేతులూ చాచబోయాడు. ఎడమది లేచింది. కుడిది లేవలేదు. పళ్ళు బిగించి మళ్ళీ ప్రయత్నించాడు. "ఒద్దు మాయ్యా, నొప్పెడతాది" అని అమ్మ లేచి పట్టుకుంది. తాత చెయ్యి దించేసి, "ఎలాగ సూపించను? నా బార పోనాదిరా" అన్నాడు.

అప్పుడు మామ్మ లోపల్నుంచి వచ్చింది. చేతులకి చేప పొలుసు అంటుకుని ఉంది.

"ఎక్కడికి పోనాది? ఇక్కడే ఉన్నాది కదా" అంది. వెళ్ళి అరుగు గుంజ మీద అరచెయ్యి వేసింది. "నన్ను పెళ్ళి సేసుకోని తెచ్చిన కొత్తలో ఈ ఇల్లు ఏసినాడు. అప్పుడు టేపా, బద్దా? ఇక్కడ నిలబడి సేతులు సాపినాడు. ఈ ఏళ్ళ కాడ ఒక గుంజ, ఆ ఏళ్ళ కాడ ఒక గుంజ. నాను గుంజ పట్టుకోని నవ్వుతుంటే, మట్టి సరిగ్గా తొక్కవే అని తిట్టినాడు. ఈ గుంజకీ ఆ గుంజకీ మద్దెన మీ అయ్య బారేరా. రా, నిలుసో."

నాన్న కదల్లేదు.

"నిలుసోమన్నానా!"

నాన్న లేచి, రెండు గుంజల మధ్యకి వెళ్ళి, రెండు చేతులూ చాపాడు. కుడిచేతి వేళ్ళు గుంజకి తగిలాయి. ఎడం చేతివి తగల్లేదు. ఎడమ వైపు జరిగాడు, అక్కడ తగిలితే ఇక్కడ తగల్లేదు. ఇంకా సాగదీశాడు, మడమలెత్తాడు, రొమ్ము ముందుకు తోశాడు. అందలేదు. పుట్టి పెరిగిన ఇల్లు, రోజూ ఆ గుంజల మధ్యనుంచే లోపలికీ బయటికీ నడిచిన మనిషి. నేను పరుగెత్తుకెళ్ళి ఆయన వేళ్ళ చివరకీ గుంజకీ మధ్య ఉన్న ఖాళీలో నా చెయ్యి చాపి పెట్టాను. బొటనవేలు నాన్న వేలికి, చిటికెనవేలు గుంజకి. సరిగ్గా పట్టింది.

"జానెడు!" అని అరిచాను.

ఒక బారకి జానెడైతే అన్ని బారలకి ఎంతవుతుందో నాన్నకి ఎవరూ చెప్పక్కర్లేదు. తన చిన్న బారతో అంకె ముందే నిండిపోవడంతో, ఆయన ఇన్నాళ్ళూ రాయికి చాలా ఇవతలే ఆగిపోయి, బురదలో గుండు వేసి, కన్నతండ్రిని అబద్ధాలకోరని అన్నాడు. చేతులు దించి, వచ్చి తాత కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"అయ్యా, నీ సేతులు నాకు రానేదయ్యా."

తాత ఎడం చెయ్యి నాన్న నెత్తి మీద వేశాడు. మామ్మే అందుకుంది: "ఆడి సేతులు నీకెందుకొత్తాయిరా, నా సేతులొచ్చినాయి. ఏటి, నా సేతులు తక్కువేటి? ఆ పొడుగు సేతులోడికి ఇన్నేళ్ళూ ఈ పొట్టి సేతులే కూడెట్టినాయి!" అంటూ నవ్వుతూ, ఆ పొలుసు చేతులతోనే కళ్ళు తుడుచుకుని, మంటెత్తి గోల పెట్టింది. మేమందరం నవ్వాం. నవ్వుతూ ఏడ్చాం అనడం నిజం.

సాయంత్రమంతా ఆ తాడుని గుంజకీ గుంజకీ మధ్య లాగి, ప్రతి బార దగ్గరా ఎర్రదారం కట్టాం. నాన్న లాగడం, నేను పట్టుకోవడం, తాత చూడడం. ముడి కాస్త జరిగినా తాత ఊరుకోలేదు. అమ్మ బిందెలోంచి గరిటెలు తీసి మళ్ళీ ఉట్టి పక్కన తగిలించింది. రెండో పొయ్యి చల్లారిపోయింది.

మర్నాడు మంచు ఎంత దట్టంగా ఉందంటే, తెప్ప ఒడ్డు దాటగానే మాయమైపోయింది, కొండ తల ఒక్కటే పైన మసగ్గా తేలుతోంది. తాత అంబలి ముట్టలేదు. నేను బడికి వెళ్ళలేదు, నన్ను ఎవరూ వెళ్ళమనలేదు. మధ్యాహ్నం దాటాక తెరచాప కనిపించింది. తెప్ప బరువుగా నీళ్ళకి అంటుకుని వస్తోంది. ఒడ్డున ఆడవాళ్ళు కేకలేశారు, నేను నీళ్ళలోకి పరుగెత్తాను. ఎర్రెర్రటి చేపలు, ఒక్కొక్కటి నా నడుమంత!

నాన్న చేపల వంక చూడలేదు. తడిబట్టలతో తిన్నగా తాత దగ్గరికి వచ్చి, సీసపు గుండు ఆయన ఎడం అరచేతిలో పెట్టాడు. తాత దాన్ని తిప్పి, మైనం మీద గీతల్ని బొటనవేలితో తడిమి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఇదే" అన్నాడు. "ఇదేరా."

ఆ రాత్రి చేపల పులుసులో ఉప్పు ఎవరి చిటికెడో ఎవరూ అడగలేదు. తాత నన్ను పక్కలో వేసుకుని అన్నాడు: "ఒలే, మీ మాస్టారి కడ్డీ ఎవులి సెయ్యీ కాదన్నావు కదా. అలాగైతేనే మంచిది. నాను సచ్చిపోయినా అది ఉంటాది. దాన్ని ఎవులూ అబద్దాలోడనరు." ఆ కడ్డీ గురించి అంత బాగా మాస్టారు కూడా చెప్పలేదు.

ఆ తర్వాత కొన్నేళ్ళకే తాత పోయాడు. నాన్న సముద్రం వదల్లేదు. ఆ ఎర్రదారాల తాడు పాతబడితే కొత్త తాడు తెచ్చి మళ్ళీ గుంజల మధ్యే కొలిచేవాడు. వేటకి వెళ్ళే ముందు ఒకసారి ఆ గుంజల మధ్య నిలబడి చేతులు చాపేవాడు. ఒళ్ళు విరుచుకుంటున్నాడని అనుకునేదాన్ని. పెద్దయ్యాక తెలిసింది, అందుతుందేమోనని చూసుకునేవాడని. చివరిదాకా అందలేదు. తర్వాత పల్లె ఖాళీ చెయ్యమన్నారు. ఇల్లు విప్పేటప్పుడు నాన్న ఒక గుంజని తెచ్చుకున్నాడు. రెండోది పుచ్చిపోయి విరిగింది. ఒక్క గుంజతో దూరం ఏం తెలుస్తుంది?

ఇదంతా విని మా మనవరాలు టేపు పట్టుకుని కూర్చుంది. "మరి ఆ గుంజల మధ్య ఎంతుండేది నానమ్మా? ఎవరూ టేపు పెట్టలేదా?"

"లేదు."

"పోనీ, అందాజుగా?"

"మా నాన్న బారకి జానెడు ఎక్కువ."

"మీ నాన్న బార ఎంత?"

నేను లేచి చేతులు చాపాను. నావి నాన్న చేతులే అని అందరూ అనేవారు. మా పిల్ల ఈ కొస నుంచి ఆ కొసకి టేపు పెట్టి చూసి, సెల్‌ఫోన్లో రాసుకుంది. ఆ తర్వాత తలెత్తి, తన ఉద్యోగంలో అడగాల్సిన ప్రశ్నే అడిగింది.

"జానెడంటే ఎవరి జాన?"

"నాదే" అని చెయ్యి చాపి బల్ల మీద పెట్టాను. కణుపులు వాచి, వేళ్ళు వంకరపోయి, నరాలు తేలిన చెయ్యి. మనవరాలు టేపు దగ్గరికి తెచ్చి, ఆగిపోయింది. మెల్లగా టేపు చుట్టేసి నా చెయ్యి పట్టుకుంది.

ఆ రోజు కొలిచిన చెయ్యి ఇది కాదని దానికీ తెలిసింది. అప్పటి నా చెయ్యి ఎంతుండేదో నాకే తెలీదు. మా నాన్న వేలికీ మా తాత గుంజకీ మధ్య ఆ చిన్న చెయ్యి మాత్రం సరిగ్గా పట్టింది.